అప్‌డేట్: ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్‌లో కొత్త ఫైలు ఆలస్యంగా కనిపించడం – పరిష్కారమైంది

సిరిపురంలోని మా కార్యాలయంలో స్కానర్ నుంచి సర్వర్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్‌కు (నెట్‌వర్క్ ద్వారా వేరే యంత్రాలూ వాడుకునే ఫోల్డర్‌కు) చేరిన ఫైలును బిల్లింగ్ లినక్స్ యంత్రం కాసేపటి వరకు ‘అలాంటి ఫైలు లేదు’ అంటోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

స్విచ్, కేబుళ్లు, ఫైర్‌వాల్‌లకు దీనితో సంబంధం లేదని తేలింది. ఫైలు రాకముందే మా స్క్రిప్టు దాని పేరుతో వెతుకుతున్నందువల్ల, క్లయింట్ (అంటే ఆ బిల్లింగ్ యంత్రం) ఆ ‘లేదు’ అన్న జవాబునే దాచుకుని, డైరెక్టరీ వివరాలను సర్వర్‌తో మళ్లీ సరిచూసుకునే వరకు, అంటే డిఫాల్ట్‌గా 30 నుంచి 60 సెకన్ల దాకా, అదే చెబుతోంది. ఒకరు సూచించినట్లు మౌంట్ ఆప్షన్లలో (ఫోల్డర్‌ను యంత్రానికి జోడించేటప్పుడు ఇచ్చే సెట్టింగుల్లో) ‘లేదు’ అన్న జవాబులను దాచుకోవద్దని చెప్పే ‘లుకప్‌క్యాష్=పాజిటివ్’ చేర్చి, పూర్తిగా అన్‌మౌంట్ చేసి తిరిగి మౌంట్ చేశాక ఫైళ్లు వెంటనే దొరుకుతున్నాయి. ఫైళ్ల వివరాలనే దాచుకోవద్దని చెప్పే ‘నోఏసీ’ ఆప్షన్ కూడా పనిచేసింది గానీ, పెద్ద ఫోల్డర్లు నత్తనడకన తెరుచుకోవడంతో తీసేశాం. ఇంత చిన్న సమస్యకు అది అతి వైద్యమే. ఫోల్డర్‌లోని పేర్లు చూపే ‘ఎల్‌ఎస్’ కమాండ్ జాబితాలో కొత్త పేరు ఇప్పటికీ కాస్త ఆలస్యంగానే వస్తుంది, అయితే అది మా పనికి అడ్డు కాదు.