అప్‌డేట్: లాక్‌డౌన్ తర్వాత గిరాకీ వచ్చింది, లాభం ఎటు పోయిందో తెలిసింది (కర్నూలు, టిఫిన్ హోటల్)

కొండారెడ్డి బురుజు దగ్గర ఉగ్గాని, బజ్జి అమ్మే మా హోటల్లో గిరాకీ మునుపటిలాగే ఉన్నా నెలాఖరుకు గల్లాపెట్టెలో ఏమీ మిగలడం లేదని, కారణం అద్దెనా, పనివాడు తీస్తున్నాడా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఆడిటర్ గారు మొదట పట్టుకున్నది 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు నేను వాడుకున్న మారటోరియం, అంటే బ్యాంకు అప్పు వాయిదాలు కట్టకుండా ఇచ్చిన గడువు. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. అది అసలులో కలిసి, కట్టాల్సిన నెలలు పెరిగాయి. ఇది లీలగా తెలిసిందే.

తెలియనిది పార్సిల్ సంగతి. ఒక్కో ప్లేటు ఖర్చు కాగితం మీద రాయమని ఇక్కడ ఒకరు చెప్పారు, రాశాను. కరోనాకు ముందు పది మందిలో ఎనిమిది మంది స్టీలు ప్లేటులో తినేవారు. ఇప్పుడు ఆరుగురు కట్టించుకుని వెళ్తున్నారు. ఉగ్గానికి పొట్లం, బజ్జీలకు కాగితం, చట్నీకి దారం కట్టిన చిన్న కవరు, పైన సంచి: నాలుగున్నర రూపాయలు. ఆ ప్లేటు మీద నాకు మిగిలేదే ఆరు! పైగా 2021లో వంటనూనె మండిపోయినా పాత ధరకే అమ్మాను.

పార్సిల్‌కు ఐదు రూపాయలు పెట్టాను, డబ్బా తెచ్చుకుంటే అదీ లేదు. మొదటి వారం గొణిగారు. ఇప్పుడు పొద్దున్నే క్యారియర్లు వరుసలో ఉంటున్నాయి.

అద్దె కారణం కాదు. పనివాడి మీద అనుమానం నా బుద్ధి తక్కువ. 2020 ఫిబ్రవరి 29 నాటి అప్పు బకాయిలో 20 శాతం వరకు, కేంద్రం హామీ మీద కరోనా కాలంలో బ్యాంకులు ఇచ్చిన అదనపు రుణం నా జబ్బుకు మందు కాదని ఆడిటర్ గారు తేల్చేశారు.