జెల్లీ కుర్చీ వణకాలి కానీ కరగకూడదు, ఎలా?

పదవి పట్టుకుని వేలాడే నాయకుల మీద ఆర్ట్ పీస్ చేస్తున్నా, జానెడు ఎత్తు సింహాసనం మొత్తం జెల్లీతో, చూడ్డానికి వచ్చినవాళ్లు టేబుల్ తడితే అది గజగజ వణకాలి, చివర్లో అందరూ స్పూన్లతో తినేయాలి. ఆ వణుకులోనే నవ్వంతా ఉంది. లీటరు నీళ్లకి 60 గ్రాముల జెలటిన్ వేస్తే వణుకు భలే వచ్చింది కానీ లైట్ల కింద 40 నిమిషాలకే ముందు కాళ్లు మెత్తబడి బోర్లా పడింది, 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కదా. 90 గ్రాములకి పెంచితే రబ్బరే, ఎవరూ తినలేదు. జెలటిన్ బదులు అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే, జెల్లీని గట్టిపరిచే పొడి) లీటరుకి 10 గ్రాములతో చేస్తే 85 డిగ్రీల దాకా కరగదు, నిలబడింది, కానీ అస్సలు ఊగదు, తడితే వీపు దగ్గర పుటుక్కున విరిగింది. పిల్లలు కూడా తింటారు కాబట్టి లోపల పుల్లలు పెట్టను. జెలటిన్, అగర్ కలిపి చేసినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్, 3 గంటలు నిలబడి ఊగాలంటే లీటరుకి ఏది ఎంత వేయాలి?