ఎక్సెల్‌లో తెలుగు పేర్ల బదులు పిచ్చి గుర్తులు: ఫైలు పాడైనట్టేనా?

ప్రశ్న:
పోర్టల్ నుంచి దింపిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు), 1,800 వరుసలు: ఊరు, పేరు, బ్యాంకు ఖాతా నంబరు. ఎక్సెల్ 2019లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోటల్లా నెత్తిన గీతతో ఇంగ్లిష్ చిన్న ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆపైన ఇంకేదో. గౌతమి ఫాంట్ పెట్టినా మారలేదు. నోట్‌ప్యాడ్‌లో మాత్రం శుభ్రంగా కనిపిస్తోంది. ఇంకో కాపీని ఎక్సెల్‌లోనే సేవ్ చేశాక అన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. ఏం చేయాలి?

జవాబు 1:
ఫాంట్ జోలికి పోకండి. ఫాంట్ లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి, ఇలాంటి గుర్తులు కాదు.

మీ ఫైలు యూటీఎఫ్-8లో ఉంది, అంటే అక్షరాలను బైట్లు అనే అంకెలుగా దాచే పద్ధతి. అందులో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. ‘క’ అంటే 224, 176, 149. ఫైలు మొదట్లో బామ్, అంటే ఇది యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు (239, 187, 191) లేకపోతే ఎక్సెల్ దాన్ని విండోస్ 1252 అనే పాత ఇంగ్లిష్ కోడ్‌గా చదివి, ఒక్కో బైటుకు ఒక్కో గుర్తు చూపిస్తుంది. అన్ని చోట్లా అదే ‘ఏ’ రావడానికి కారణం ఆ 224.

డబుల్ క్లిక్ మానేసి, ఖాళీ షీట్ తెరిచి డేటా → ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీకి వెళ్లండి. ఫైల్ ఆరిజిన్‌లో 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. జాబితాలో ఇస్కీ తెలుగు అని కనబడినా దాని జోలికి వెళ్లొద్దు, అది వేరే పాత కోడ్. డేటా టైప్ డిటెక్షన్‌లో ‘డు నాట్ డిటెక్ట్’ పెట్టండి. లేదంటే ఖాతా నంబర్ల ముందు సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటిన వాటి చివర సున్నాలు పడతాయి. ట్రాన్స్‌ఫామ్‌లో మొదటి వరుసను హెడర్‌గా మార్చగానే ‘ఛేంజ్‌డ్ టైప్’ అనే స్టెప్ తనంతట తానే చేరుతుంది. దాన్ని కొట్టేయండి, లేకపోతే పడ్డ శ్రమంతా వృథా.

ఖాతా నంబర్ల గొడవ లేని ఫైలైతే ఇంత అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్, ఎన్‌కోడింగ్ ‘యూటీఎఫ్-8 విత్ బామ్’ చాలు.

జవాబు 2:
ప్రశ్నార్థకాల కాపీని వదులుకోండి. తెలుగు సరిగా కనిపిస్తున్న షీట్‌ను మామూలు ‘సీఎస్‌వీ కామా డీలిమిటెడ్’గా సేవ్ చేస్తే ఇలాగే అవుతుంది. విండోస్‌లో తెలుగుకు ఆన్సీ కోడ్‌పేజీ (పాత తరహా అక్షరాల కోడ్ పట్టిక) లేదు కాబట్టి ప్రతి అక్షరం 63వ కోడ్, అంటే నిజమైన ప్రశ్నార్థకం అయిపోతుంది. వెనక్కి రాదు. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ రకమే వాడాలి.

అనుమానమున్న సెల్ మీద యూనికోడ్ ఫార్ములా పెట్టి చూడండి (కోడ్ ఫార్ములా వద్దు, అది తెలుగు అక్షరానికీ 63 అనే చెబుతుంది). 3072–3199 మధ్య వస్తే తెలుగు క్షేమం. 224 వస్తే తప్పుగా చదివింది, బాగుచేయొచ్చు. 63 వస్తే పోయినట్టే.

224 రకాన్ని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ‘కన్వర్ట్ టు ఆన్సీ’ చేసి, తర్వాత ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 అని మార్చండి (ఈసారి కన్వర్ట్ కాదు). ఒక చిక్కుంది. 1252లో 129, 141, 143, 144, 157 కోడ్‌లకు గుర్తులు లేవు. కొమ్ము ‘ు’ చివరి బైటు 129, పొల్లు ‘్’ది 141. కాపీ పేస్టుల్లో ఆ కనపడని బైటు రాలిపోతే ‘కు’నో ‘క్’నో ఏ టూలూ తేల్చలేదు.

అడిగినవారు:
65001తో వచ్చేసింది, థాంక్స్. కానీ వీలుకప్ (ఒక పట్టికలోని పేరును ఇంకోదాంట్లో వెతికే ఫార్ములా) కొన్ని పేర్లకు దొరకలేదంటోంది, కళ్లకు రెండూ ఒకటే. ఇంకో పాత షీట్‌లో ఫాంట్ మారిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, వింత గుర్తులు కలగలిసి వస్తున్నాయి.

జవాబు 3:
మొదటిది పొల్లు తర్వాత దాగిన జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే కనపడని గుర్తు), కోడ్ 8204. ‘రమేష్’కు లెన్ (గుర్తులు లెక్కపెట్టే ఫార్ములా) 5 రావాలి, 6 వస్తే అదే. ట్రిమ్, క్లీన్ దాన్ని తీయవు. సబ్‌స్టిట్యూట్‌లో యూనిచార్ 8204ను ఖాళీతో మార్చండి, రెండు పట్టికల్లోనూ. అయితే ఇది వెతకడానికి పెట్టుకున్న అదనపు కాలమ్‌లోనే చేయండి. అసలు పేర్లలో తీసేస్తే ‘సాఫ్ట్‌వేర్’ లాంటివి ఒత్తుగా ముద్దకడతాయి.

రెండోది బహుశా అను అనే పాత తెలుగు ఫాంట్. అందులో ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు, 128 పైనున్న కోడ్‌ల మీద గీసిన తెలుగు బొమ్మలు. ఎన్‌కోడింగ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ కావాలి, అందులో అను వెర్షన్ సరిగ్గా ఎంచుకోవాలి. మార్చే ముందు ఇంగ్లిష్, అంకెల కాలమ్‌లు పక్కన పెట్టండి. కన్వర్టర్ వాటినీ తెలుగే అనుకుంటుంది.