వాషింగ్టన్‌లోని పాత పేటలో ఇల్లు కొంటే తప్పా?

లోచాపడ వాసి
మా అమ్మాయి, అల్లుడు వాషింగ్టన్‌లో షా అనే పేటలో పాత ఇటుక ఇల్లు కొన్నారు. గృహప్రవేశమైన వారానికే పక్కింటి నల్లజాతి పెద్దావిడ మర్యాదగానే ఒక మాట అన్నారట: “మీరు మంచివాళ్లే. కానీ మీలాంటివాళ్లు వస్తున్న కొద్దీ మావాళ్లు వెళ్లిపోతున్నారు.” అమ్మాయి ఫోనులో ఏడ్చింది. అప్పు తెచ్చి, అడిగిన ధర ఇచ్చి కొన్న ఇల్లది. ఎవరినీ వెళ్లగొట్టలేదు. వీళ్ల తప్పేమిటి? బరంపురం, రాయగడ, గుణుపురం నుంచి పిల్లలను అమెరికా పంపినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, నిజాయితీగా చెప్పండి.

గోపాలపురం గాలి
తప్పేమీ లేదండీ. అమ్మాయికి ధైర్యం చెప్పండి.

ఆస్కా రోడ్డు మాస్టారు
తప్పు మీ అమ్మాయిది కాదు. అయితే ఆ పెద్దావిడ మాట ఊరికే రాలేదు. 1970లో వాషింగ్టన్ జనాభాలో నూటికి 71 మంది నల్లజాతివారు. 2011 నాటికి సగానికి దిగువకు వచ్చారు. 2020 జనాభా లెక్కల్లో 41 మంది. షాను ఆనుకుని ఉన్న యూ స్ట్రీట్ ఒకప్పుడు వారి సంగీతానికీ వ్యాపారానికీ పట్టుకొమ్మ. డ్యూక్ ఎల్లింగ్టన్ పెరిగింది ఆ చుట్టుపక్కలే. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాతి అల్లర్లలో ఆ వీధులు తగలబడ్డాయి. కాలిన దుకాణాలు చాలాకాలం అలాగే పడి ఉన్నాయి. 1991లో మెట్రో స్టేషన్లు తెరిచారు, తర్వాత తర్వాత డబ్బున్నవారి కన్ను అటు పడింది.

ఇంకా వెనక్కి వెళ్తే, నల్లజాతివారికి అమ్మరాదని దస్తావేజుల్లోనే రాసుకున్న వీధులు ఆ నగరంలో ఉండేవి. పక్కనే ఉన్న బ్లూమింగ్‌డేల్‌లోని బ్రయంట్ వీధి ఇళ్ల గురించి హర్డ్, హాడ్జ్‌ల మధ్య నడిచిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో తీర్పు వచ్చింది. మొదట రానివ్వలేదు, వచ్చాక పట్టించుకోలేదు, ఇప్పుడు ఉండనివ్వడం లేదు. ఆవిడ బాధ అది.

మన బరంపురానికీ అదే గతి పడుతోంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే వరకు మనది మద్రాసు ప్రెసిడెన్సీ. వి.వి.గిరి పుట్టిన ఊరు ఇది. నా చిన్నతనంలో పెద్ద బజారు చుట్టుపక్కల ఏ గుమ్మం ముందు నిలబడినా తెలుగే వినిపించేది. ఇప్పుడు కొనేవారంతా బయటివారు. మా పాత ఇల్లు 2016లో అమ్మేశాను, అక్కడ నాలుగంతస్తుల భవనం లేచింది. మన పేట మన కళ్ల ముందే పోతోంది.

పర్లాకిమిడి పాఠకుడు
శాతం వేరు, సంఖ్య వేరు. తెల్లవారు ఎక్కువగా వచ్చి చేరితే నల్లజాతివారు ఒక్కరు కదలకపోయినా శాతం పడిపోతుంది. దాన్ని వెళ్లగొట్టడం అనలేం.

ఆస్కా రోడ్డు మాస్టారు
సంఖ్య కూడా పడిపోయింది. 1970లో 5 లక్షల 37 వేలు. 2020లో 2 లక్షల 86 వేలు.

పర్లాకిమిడి పాఠకుడు
అందులో ఎంతోమంది పక్కనే మేరీల్యాండ్‌లోని ప్రిన్స్ జార్జ్స్ కౌంటీకి వెళ్లారు. పెద్ద ఇల్లు, మంచి బడి కావాలని తమంతట తామే వెళ్లినవారు వారిలో చాలామంది. కలిగిన నల్లజాతి కుటుంబాలకు పేరుపడిన ప్రాంతమది. వెళ్లినవారందరినీ బాధితులుగా లెక్కవేయకండి.

ఆస్కా రోడ్డు మాస్టారు
అందరినీ అని నేనెక్కడ రాశాను?

పర్లాకిమిడి పాఠకుడు
“ఉండనివ్వడం లేదు” అని రాశారు. చదువుకోండి.

సూరత్ తమ్ముడు
మాస్టారూ, “బయటివారు” అంటే ఎవరు? మా అన్నయ్య సూరత్‌లో మరమగ్గం నడిపాడు. గంజాం పల్లెల నుంచి అక్కడికి వెళ్లినవారి బతుకు మీకు తెలియనిది కాదు. పన్నెండు గంటల షిఫ్టు, ఒకే గదిలో వంతులవారీ నిద్ర. ఆ డబ్బు కూడబెట్టి పెద్ద బజారు వెనుక రెండు గదుల ఇల్లు కొన్నాం. నాన్న వైపు ఒడియా, అమ్మ వైపు తెలుగు. మేము ఎవరి పేట లాక్కున్నాం?

ఆస్కా రోడ్డు మాస్టారు
బాబూ, నిన్ను అనలేదు. ఒడియావారి మీద నాకు ద్వేషం లేదు, నలభై ఏళ్లు వారి పిల్లలకే లెక్కలు చెప్పాను. వీధిలో మన భాష తగ్గిపోతోందని నా బాధ. బళ్లో తెలుగు లేదు, అంగడి బోర్డు మీద లేదు. ఇక వీధిలో కూడా లేకపోతే మనం మిగిలేది ఎక్కడ?

గుంట మగ్గం
మాస్టారూ, ఇల్లు అమ్మింది మీరేనని మీరే రాశారు. ఆ ఇంట్లో అద్దెకు ఎవరైనా ఉండేవారా?

ఆస్కా రోడ్డు మాస్టారు
అది ఇక్కడి విషయం కాదమ్మాయీ. మనం మాట్లాడుతున్నది పేట గురించి.

గుంట మగ్గం
నన్ను అమ్మాయీ అనకండి, నాకు పెళ్లీడుకొచ్చిన కొడుకు ఉన్నాడు. అద్దెవాళ్లు పేటలోకి రారా?

మాది నేత కుటుంబం. మామగారి తండ్రి కాలం నుంచి ఒకే ఇంటి వెనుక భాగంలో అద్దెకు ఉన్నాం. యజమాని తెలుగువారే, మా వాళ్లకు వరసలు కలిపి పిలిచేంత దగ్గర. ఇల్లు అమ్మిన సంగతి కొన్నవాళ్లు కొలతల టేపు పట్టుకుని వచ్చినప్పుడు మాకు తెలిసింది. నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు. ఒప్పందం పదకొండు నెలలది, అదీ ఏనాడో గడువు తీరిన కాగితం. ఎవరిని అడగాలి?

మీకు ఇల్లంటే గోడలు, పైకప్పు. గుంట మగ్గం నేలలో ఉంటుంది. కాళ్లు దించి పావళ్లు తొక్కడానికి తవ్విన గుంట అది. కర్రలు, పలక, అచ్చు తీసుకుపోవచ్చు. గుంట తీసుకుపోలేం. కొత్త చోట అద్దెకు ఇల్లు అడిగితే “టైల్సు తవ్వుతారా?” అని తలుపు వేసేస్తున్నారు. పడుగు పరిచి సరిచేయడానికి వీధి పొడవు కావాలి, పక్కింటివాళ్లు వచ్చి చెయ్యి వేయాలి. మేము ఇప్పుడు ఉంటున్న చోట వీధికి రెండు వైపులా కార్లు. మా ఆయన మగ్గం విప్పి అటక మీద పెట్టి, ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతున్నారు.

బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరూ మురిసిపోతారు. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రలో బుఢీ ఠాకురాణి పుట్టింటికి వచ్చిందని దేశిబెహరా వీధికి జనం పోటెత్తుతారు. అమ్మవారికి పుట్టిల్లు నేతవారి వీధి. నేతవారికి ఆ చుట్టుపక్కల అద్దె ఇల్లు దొరకదు. మమ్మల్ని ఖాళీ చేయించింది ఒడియావాడు కాదు, సూరత్ డబ్బు కాదు. తెలుగులోనే చెప్పి పంపారు.

సూరత్ తమ్ముడు
అక్కా, మేము కొన్న ఇంట్లో ముందు ఎవరున్నారో మేమూ అడగలేదు. ఖాళీగా చూపించారు, కొన్నాం.

ఆస్కా రోడ్డు మాస్టారు
ఇక దాచడమెందుకు? ఉండేవారు, రెండు కుటుంబాలు. ముగ్గురం అన్నదమ్ములం, వాటాలు తెగక పదేళ్లు నలిగాం. నా భార్యకు డయాలిసిస్. ఆరేళ్లు అద్దె ఒక్క రూపాయి పెంచలేదు. పైకప్పు కారితే నా పింఛను డబ్బుతో వేయించాను. ఇల్లు మాది, కష్టం మాది, అమ్ముకునే హక్కు కూడా మాదే. దానికి నన్ను దోషిగా నిలబెడతారా?

గుంట మగ్గం
దోషి అనలేదు. మీ ఇంట్లోవారి అనారోగ్యానికి నిజంగా బాధపడుతున్నాను. కానీ మీ లెక్కలో పేట అంటే ఇళ్ల యజమానులు. వాళ్లు అమ్ముకుని వెళ్తే పేట పోయిందని దుఃఖం, అద్దెవాళ్లను పంపేస్తే అది “ఇక్కడి విషయం కాదు”. మన తగవు ఇక్కడుంది. భాష దగ్గర లేదు.

పర్లాకిమిడి పాఠకుడు
ఈ ముక్క మీద వాషింగ్టన్‌లో చట్టమే ఉంది. 1980లో చేశారు. అద్దె ఇల్లు అమ్మదలిచిన యజమాని ముందు అందులో ఉంటున్నవారికి కొనే అవకాశం ఇవ్వాలి. అద్దెదారులు సంఘంగా ఏర్పడి, అప్పు తెచ్చుకుని భవనాలు కొన్న సందర్భాలు ఉన్నాయి. 2018లో ఒకే కుటుంబం ఉండే ఇళ్లను చాలావరకు మినహాయించారు. ఆ హక్కును అడ్డుపెట్టుకుని కొందరు అమ్మకాలు ఆపి డబ్బు గుంజుతున్నారని యజమానుల ఫిర్యాదు.

లోచాపడ వాసి
అమ్మాయిని అడిగాను. వాళ్లకు అమ్మినది ఒక కంపెనీ, బాగుచేయించి అమ్మిందట. అంతకుముందు ఎవరుండేవారో కాగితాల్లో లేదు. పక్కింటి పెద్దావిడను అడిగి తెలుసుకోమన్నాను. ఇల్లు కొన్నందుకు క్షమాపణ మాత్రం చెప్పవద్దన్నాను. అందులో నా మాట మారదు.

గుంట మగ్గం
క్షమాపణ ఎవరికి కావాలండీ? ఒడిశాలోనే 2017లో పట్టణ మురికివాడల్లో ఉంటున్నవారికి భూమి హక్కు ఇస్తూ చట్టం చేశారు. ఆ హక్కు పిల్లలకు వస్తుంది, అమ్ముకోవడానికి వీల్లేదు. ఆక్రమించిన జాగాలో ఉన్నవారి గురించి అంత ఆలోచించగలిగారు. నెలనెలా అద్దె కట్టినవాళ్ల గురించి ఎందుకు ఆలోచించరు? నేను ఉచితంగా అడగడం లేదు. మూడు నెలల ముందు చెప్పండి, కొంటారా అని ముందు మమ్మల్ని అడగండి. అంతే.

ఆస్కా రోడ్డు మాస్టారు
అలాంటి చట్టం వస్తే ఇళ్లకు తాళాలు వేసుకుంటారు కానీ ఎవరూ అద్దెకివ్వరు. పైగా బయటివాడు ఇచ్చే ధర మీరు ఇవ్వగలరా?

గుంట మగ్గం
నేతవారి సహకార సంఘం ద్వారా నలుగురం కలిసి ప్రయత్నించి ఉండేవాళ్లం. కుదరకపోతే వెళ్లేవాళ్లం. గుంట ఎక్కడ తవ్వుకోవాలో చూసుకోవడానికి మూడు నెలలు దొరికేవి.

ఆస్కా రోడ్డు మాస్టారు
మూడు నెలల గడువుకు నేను ఒప్పుకుంటాను, అది న్యాయమే. కొనే మొదటి హక్కుకు మాత్రం ఒప్పుకోను.