అప్‌డేట్: చెల్లి అడ్మిషన్ రోజు గేటు దగ్గర ఏమైందంటే

పోయిన వారం అడిగాను కదా, చెల్లి పీజీ అడ్మిషన్‌కి యూనివర్సిటీ వాళ్లు అందర్నీ ఒకే రోజు రమ్మన్నారు, అమ్మని కూడా తీసుకెళ్లొచ్చా అని. తీసుకెళ్లలేదు. మంచిదైంది.

మేం ఏడింటికి వెళ్లేసరికే గేటు బయట జనం. తెరిచింది ఒక్క చిన్న గేటు. టోకెన్లు లేవు, మైకు లేదు. పదింటికి ఎవరో "సీట్లు అయిపోతున్నాయంట" అన్నారు. అంతే, వెనక నుంచి తోపులాట. ముందున్నవాళ్లకి ఊపిరాడట్లేదని వెనకవాళ్లకి తెలీదు, అసలు ప్రమాదం అదే. మీలో ఒకరు చెప్పినట్టే చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకుని, ఎదురు తొయ్యకుండా, ఏటవాలుగా పక్కకి జరుగుతూ బయటపడ్డాం. చెల్లి చెప్పు ఒకటి పోయింది. ఫైలు మాత్రం వదల్లేదు మహాతల్లి!

ఇంటికొచ్చాక జోహన్నెస్‌బర్గ్ యూనివర్సిటీ సంగతి చదివా. 2012 జనవరిలో ఆఖరి నిమిషం దరఖాస్తుల కోసం వేలమంది గేటు దగ్గర చేరితే, కొడుకు కోసం వచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో చనిపోయింది. అమ్మే గుర్తొచ్చింది.

ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి ర్యాంకుల వారీగా పిలవడం మొదలెట్టారు. ఆ పనేదో పొద్దున్నే చేస్తే ఏం పోయేది? సీటొచ్చింది. స్లాట్లు పెట్టమని రిజిస్ట్రార్ ఆఫీసులో లెటర్ ఇచ్చి రసీదు తీసుకున్నా. రెండో విడతకి ఏం చేస్తారో చూడాలి.