పక్షవాతం తర్వాత మెదడును కొవ్వు కాపాడుతుందా?

గౌతమితీరం:
మా చిన్నాన్నకి కిందటేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఇప్పటికీ ముద్ద కలుపుదామంటే వేళ్లు దగ్గరికి రావు. పిన్ని స్పూను అందిస్తే పక్కకి తోసేసి, ఎడమచేత్తోనే మెతుకులు కూడదీసుకుంటాడు. మొన్న మా బావ ఒక వీడియో పంపాడు. కొవ్వులో పుట్టే హార్మోన్ మెదడును కాపాడుతుందట, ఒళ్లున్నవాళ్లు పక్షవాతానికి భయపడక్కర్లేదట. ఇందులో నిజమెంత?

సూక్ష్మదర్శిని:
హార్మోన్ మాట నిజం, దాని పేరు అడిపోనెక్టిన్. భయపడక్కర్లేదన్నది మాత్రం పచ్చి అబద్ధం.

2008లో బోస్టన్ పరిశోధకులు ఈ హార్మోన్ అసలే లేని ఎలుకల్లో మెదడుకి రక్తం ఆపి, మళ్లీ వదిలి చూశారు. మామూలు ఎలుకల కంటే వాటి మెదడు ఎక్కువ మేర చచ్చిపోయింది. హార్మోన్ అందిస్తే ఆ నష్టం తగ్గింది. అది రక్తనాళాల లోపలి పొర చేత నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేయిస్తుంది, దాంతో నాళం విప్పారి రక్తం పారుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైమ్ లేని ఎలుకల్లో హార్మోన్ ఇచ్చినా ఫలితం లేకపోయింది.

వీడియోలో దాచిన మాట ఇంకోటుంది. ఒళ్లు పెరిగేకొద్దీ, ముఖ్యంగా పొట్ట లోపల కొవ్వు పేరుకునేకొద్దీ, రక్తంలో ఈ హార్మోన్ తగ్గిపోతుంది. మనవాళ్లలో సన్నగా కనిపించేవాళ్లకీ లోపల కొవ్వు ఉంటుంది. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్‌లోని యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫోటోలే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం!

పెన్నాగట్టు:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి సార్. నేను ఫిజియోథెరపీ చేయిస్తాను. బక్కపలచని పేషెంట్లు నెల తిరిగేసరికి ఇంకా చిక్కిపోతారు, కాస్త కండా కొవ్వూ ఉన్నవాళ్లు తట్టుకుంటారు. పక్షవాతం తర్వాత లావుపాటివాళ్లే ఎక్కువగా బతుకుతున్నారని చాలా అధ్యయనాల్లోనూ వచ్చింది కదా?

సూక్ష్మదర్శిని:
వచ్చింది, కాదనను. కానీ బక్కచిక్కినవాళ్లలో చాలామంది అప్పటికే వేరే జబ్బుతో నీరసించినవాళ్లు. పైగా గుండె బలహీనపడిన పెద్దవాళ్లలో ఈ హార్మోన్ ఎక్కువున్నవారికే మరణాలు ఎక్కువ. ఎక్కువుంటే మంచిదే అని గీత గీసి చెప్పలేం.

ఎలుకల్లో గెలిచి మనుషుల్లో ఓడిన మందులు కొల్లలు. 2006లో ఒక సమీక్ష పక్షవాతానికి ప్రయత్నించిన 1,026 చికిత్సలు లెక్కగట్టింది. ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు మొదటి పెద్ద పరీక్షలో ఆశ పెట్టింది, 2007లో రెండో దాంట్లో తేలిపోయింది. బోస్టన్ ప్రయోగంలోనూ హార్మోన్‌ను ముందే ఒంట్లోకి ఎక్కించారు. మనిషికి పక్షవాతం చెప్పి రాదు.

పెన్నాగట్టు:
ఆ ముందు ఇవ్వడం సంగతి ఒప్పుకుంటాను. అయినా దారి మూసుకుపోలేదు. అడిపోనెక్టిన్‌ను పెంచే మందు పియోగ్లిటాజోన్ ఎప్పటినుంచో ఉంది. షుగరు లేకపోయినా ఇన్సులిన్ సరిగా పనిచేయని 3,876 మంది పక్షవాత రోగుల మీద దాన్ని పరీక్షించి 2016లో ఫలితం ప్రకటించారు. మళ్లీ పక్షవాతమో గుండెపోటో వచ్చినవాళ్లు మందు వాడినవారిలో 9 శాతం, వాడనివారిలో 11.8 శాతం. ఒళ్లు పెరగడం, వాపులు, ఎముకలు విరగడం కూడా ఎక్కువయ్యాయి, అదీ చెప్పాలి.

సూక్ష్మదర్శిని:
అది మళ్లీ రాకుండా ఆపే సంగతి, మంచిదే. ఆ మేలు అడిపోనెక్టిన్ వల్లే అని మాత్రం తేలలేదు, ఆ మందు ఒంట్లో ఇంకా చాలా పనులు చేస్తుంది. ఎవరూ సొంతంగా కొని వేసుకోకండి.

గౌతమితీరం:
ఇద్దరికీ దండాలు. చిన్నాన్నకి పొద్దున ఆరింటికి మూతి వంకరపోతే, పావురం రక్తం పూస్తే తగ్గుతుందని పక్క ఊరికి మనిషిని పంపారు. ఆ తర్వాత వెళ్లిన మొదటి ఆసుపత్రిలో స్కాన్ లేదు, ఆ మాట చెప్పడానికే గంట కూర్చోబెట్టారు. రెండో చోటికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువైన నాలుగున్నర గంటలు దాటిపోయాయన్నారు. ఆ వీడియో కింద బావకి ఈ గంటల లెక్కే రాస్తాను.

పెన్నాగట్టు గారూ, ఏడాది దాటింది కదా, ఆ వేళ్లు ఇంకా వస్తాయా?

పెన్నాగట్టు:
నెమ్మదిగానైనా కొంత మెరుగవుతాయండి, మానకండి. స్పూను పక్కనపెట్టి, రోజూ చపాతీ పిండి ముద్ద కుడిచేతిలోనే పెట్టి పిసికించండి.