వేసవి భోజనంలో క్వినోవాకు చోటుందా, కొర్రలు చాలవా?

ఎండాకాలం వంటిల్లు:
మధ్యాహ్నం అన్నం తినగానే కళ్ళు మూతలు పడుతున్నాయని, ఏప్రిల్ మొదటి నుంచి క్వినోవాతో మామిడికాయ పులిహోర, దద్దోజనం చేస్తున్నాను. మా అత్తయ్యగారు మాత్రం "కొర్రలుండగా ఈ గింజకు అంత డబ్బెందుకు?" అంటున్నారు. ఆ మాటలో న్యాయముందా, లేక అలవాటు లేకపోవడమేనా? అనుభవమున్నవారు చెప్పగలరు.

మెట్టసేద్యం:
నాదీ అత్తయ్యగారి మాటేనండీ. క్వినోవా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల పంట. పెరూ, బొలీవియా ఎత్తైన మైదానాల్లో చలికీ ఉప్పునేలకూ తట్టుకుని నిలిచింది కనుక అక్కడివారికి అది, మెట్ట రైతుకు జొన్న ఎలాంటిదో అలాంటిది. ఐక్యరాజ్యసమితి 2013ను క్వినోవా సంవత్సరంగా, 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మొదటిది వినగానే సూపర్ మార్కెట్‌కు పరుగెత్తిన మనం, రెండోది వచ్చేదాకా కొర్రలను పిట్టల మేతగానే చూశామన్నది నా ఫిర్యాదు. పోషకాల లెక్క చూసినా, 100 గ్రాముల పచ్చి క్వినోవాలో మాంసకృత్తులు సుమారు 14 గ్రాములైతే కొర్రల్లో సుమారు 12 ఉంటాయి. కాల్షియం దగ్గరకు వస్తే రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉండగా, క్వినోవాలో 50 కూడా ఉండదు. రాత్రి పులియబెట్టిన రాగి అంబలిలో పొద్దున చిక్కటి మజ్జిగ పోసి, పచ్చి ఉల్లిపాయ నంజుకుంటే ఎండకు అంతకు మించినదేముంది?

డాలస్ వంటగది:
లెక్క ఒకవైపు నుంచే చూపించారండీ. మాంసకృత్తుల్లో ఉండే, శరీరానికి తప్పనిసరైన లైసిన్ అనే అమైనో ఆమ్లం చిరుధాన్యాల్లో తక్కువ, క్వినోవాలో మెరుగు. గడ్డిజాతి గింజ కాకపోవడం దాని ప్రత్యేకత. అది మన తోటకూర కుటుంబానికి చెందిన మొక్క. అన్నిటికన్నా నన్ను ఒప్పించింది వేరే గుణం: ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గట్టిపడి పలుకులుగా మారుతుంది, క్వినోవా మాత్రం చల్లగా ఉన్నా పొడిపొడిగా, మెత్తగానే ఉంటుంది. అందుకే ఇక్కడి జూలై ఎండల్లో ఉదయమే ఉడికించి పెట్టుకుని, దోసకాయ ముక్కలు, నానబెట్టిన పెసరపప్పు, నిమ్మరసం, కొత్తిమీర కలిపి మధ్యాహ్నం పొయ్యి వెలిగించకుండా తింటాము.

చేదుగా ఉందనేవారు కడగడంలో పొరపాటు చేస్తున్నారు. గింజ పైపొరలో సపోనిన్లు ఉంటాయి. కుంకుడుకాయ నురగకు కారణమూ ఆ జాతి పదార్థాలే. నురగ పోయేదాకా నాలుగైదు నీళ్ళు మార్చి, కప్పుకు రెండు కప్పులకన్నా కాస్త తక్కువ నీళ్ళు పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద పదిహేను నిమిషాలు ఉంచాలి. గింజ నుంచి తోకలాంటి తెల్లని పోగు విడివడగానే దించేసి, ఐదు నిమిషాలు కదపకూడదు.

మెట్టసేద్యం:
కుంకుడుకాయ సంగతి బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ లైసిన్ లోటును కొర్రన్నంలో కలుపుకునే ముద్దపప్పే తీరుస్తుంది కదండీ! మీరు కూడా పెసరపప్పు వేస్తూనే ఉన్నారు. డాలస్‌లో కొర్రలకన్నా క్వినోవా సులువుగా దొరుకుతుందంటే అభ్యంతరం లేదు; కర్నూలులో ఉన్నవారు దానికోసం వెతుక్కోవడమే నాకు అర్థం కాదు.

ఎండాకాలం వంటిల్లు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నురగ పోయేదాకా కడిగి, నిన్న రెండు గింజలతోనూ రెండు వంటకాలూ చేశాను. క్వినోవా పులిహోరలో గింజ గింజకూ మామిడి తురుము, ఆవాల పోపు పట్టి, సాయంత్రానికి కూడా ముద్దకట్టలేదు. దద్దోజనం మాత్రం కుదరలేదు. ఎంత మెదిపినా పెరుగు ఒకవైపు, గింజలు ఒకవైపు అన్నట్లే ఉంది. నానబెట్టి మెత్తగా వండిన కొర్రలు అదే పెరుగును పీల్చుకుని వెన్నలా కలిసిపోయాయి. అత్తయ్యగారు క్వినోవా పులిహోర మారు వడ్డించుకున్నారు, ధర మాత్రం మళ్ళీ అడిగారు.